గోడకు చెప్పిన పాఠం

"మళ్ళీ నది ఒడ్డేనా, మేష్టారూ!" కుర్చీలోంచి భార్య ఆవలించింది. "ఎక్కడ మొదలెట్టినా తీసుకెళ్లి నీళ్లలోనే దింపుతారేంటి?"

ఆయన గోడకు ఆనించిన నల్లబల్లను మళ్ళీ తుడిచాడు. పొద్దున్నుంచీ ఇదే తంతు. వంగిన వీపు, చెమటకు అంటుకున్న బనీను, కనుబొమల మీద కూడా సుద్దపొడి.

రేపు కాలేజీలో ప్రపంచ చరిత్ర మొదటి క్లాసు. ఆయనది గంటల కూలీ. పాఠం చెప్పిన గంటకే డబ్బు. దాన్ని తయారుచేసుకుంటూ కరిగిపోయిన ఆదివారాలు ఏ దొర లెక్కలోకీ రావు. పైగా ప్రిన్సిపాలు బెదిరింపు: "మొదటి వారంలోనే పిల్లలు జారుకుంటే కోర్సు ఎత్తేస్తాం. తర్వాత మీ ఇష్టం." కోర్సు పోతే ఈ వయసులో గడప ఎక్కనిచ్చే కాలేజీ మరొకటి లేదు.

అందుకే కొత్త పాఠం ఏదైనా ముందు భార్యకు చెబుతాడు. చరిత్రలోనే తప్పి బడి మానేసిన మనిషి. ఆమెను కూర్చోబెట్టగలిగితే ఎవరినైనా కూర్చోబెట్టవచ్చు. ఇన్నేళ్లలో ఒక్క పాఠమూ అడ్డు తగలకుండా విన్నది లేదు.

"ఎడమ చెయ్యి ఇంకా లాగుతోందా? డాక్టరు దగ్గరికి పోదామా?" ఆమెను అడిగాడు.

"రేపు మీ ప్రపంచం పుట్టాక పోదాంలెండి. నా మొహం చూస్తూ చెప్పకండి, కంగారుపడి పరిగెత్తిస్తారు. గోడకు చెప్పండి."

ఆయన గోడవైపు తిరిగాడు. నదుల్ని వదిలేశాడు, రాజుల్నీ వదిలేశాడు. కడుపు మాడుతున్నా గుప్పెట్లో గింజలు తినకుండా మట్టిలో దాచిన ఒక ఆడమనిషి దగ్గర మొదలెట్టాడు. వచ్చే వానకు తానుంటుందో లేదో తెలియదు. అయినా దాచింది. అక్కడినుంచి ఊరు పుట్టింది, గాదె పుట్టింది, గాదెకు కాపలా పుట్టింది. చివరికి కాపలావాడే యజమానై కూర్చున్నాడు. వెనకనుంచి ఆవలింత లేదు, వెటకారం లేదు. ఆ నిశ్శబ్దం ఆయనకు ఎక్కడలేని ఊపునిచ్చింది. పాఠం మొత్తం ఒక్క బిగిని చెప్పేశాడు.

"చూశావా!" గోడకేసి చూస్తూనే నవ్వాడు. "ఇవాళ నోరెత్తలేదు నువ్వు!"

తిరిగాడు.

ఆమె తల పక్కకు వాలి ఉంది. పిలిచాడు. భుజం పట్టి కుదిపాడు. చెయ్యి అప్పటికే చల్లబడింది. ఏ మాట దగ్గర పోయిందో, ఎంతవరకు విన్నదో, ఇక చెప్పేవాళ్లెవరు?

ఒళ్లో ఆయన రేపటి చొక్కా. సగం కుట్టిన గుండీ నుంచి, తెంపని దారానికి, సూది వేలాడుతోంది.