భీమరాజు కుడిచెంప

కడియం నర్సరీల లారీలు తోలేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఊళ్ళ పేర్లు తెలుసు గాని ఊళ్ళు తెలియవు. సత్యవాణి సంగతీ అంతే. భీమరాజుని పెళ్ళి చేసుకున్న నాటి నుంచి నాగ్‌పూర్, ఇండోర్, సూరత్ అనే మాటలు ఆమె నోట పక్కవీధి పేర్లలా దొర్లుతూనే ఉన్నాయి. ఆమె మాత్రం విజయవాడ దాటి ఎన్నడూ వెళ్ళలేదు. "ఓసారి నన్ను కూడా తీసుకెళ్ళండి" అని అడిగినప్పుడల్లా భీమరాజు "పిల్ల చదువైపోనీ" అనేవాడు. ఆ పిల్ల, దుర్గాశ్రీ, చదువూ పూర్తిచేసింది, బ్యూటీషియన్ కోర్సూ చేసింది, రాజమండ్రిలో ఒక పార్లర్లో ఉద్యోగానికీ కుదురుకుంది. ఇక చెప్పడానికి ఆయన దగ్గర సాకు మిగల్లేదు.

కార్తీకమాసం వెళ్ళాక జైపూర్‌కి లోడు పడింది. అక్కడెవరో కొత్తగా కడుతున్న హోటలు తోటకి రెండు లారీల మొక్కలు కావాలన్నారు. ఒక లారీ భీమరాజుది, రెండోది అదే వీధిలో ఉండే పెద్దిరాజుది. భీమరాజుతో మామూలుగా వెళ్ళే రెండో డ్రైవరు, చెల్లెలి పెళ్ళి ఉందని ఈసారి రానన్నాడు.

"అయితే ఆ సీటు ఖాళీయేగా" అంది సత్యవాణి, ఆయనకి అన్నం వడ్డిస్తూ.

భీమరాజు ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "సరే, రా. సామాను మాత్రం నేను చెప్పినంతే" అని ఎడమ చెయ్యి గాల్లో ఆడించి కొలత చూపించాడు. "బట్టలకి ఇంత. మిగతా వాటన్నిటికీ ఇంత."

మిగతా వాటికి ఆయన చూపించిన చోటు కొబ్బరికాయంత ఉంది.

సత్యవాణికి శుభ్రంగా కనపడటమంటే ఇష్టం. వీధి చివర కొట్టుకి కరివేపాకు కోసం వెళ్ళినా మొహం కడుక్కుని, పౌడరు రాసుకుని, బొట్టు సరిచేసుకుని గాని గుమ్మం దిగదు. ఇరుగుపొరుగు వాళ్ళు నవ్వినా పట్టించుకోదు. అలాంటి మనిషి ఆ సాయంత్రం మంచం మీద పరిచిన సామాను చూసి, పార్లర్ నుంచి అప్పుడే వచ్చిన దుర్గాశ్రీ చెప్పులు విప్పకుండానే నవ్వేసింది. పెద్ద పౌడరు డబ్బా, అరలీటరు కొబ్బరినూనె, కుంకుడుకాయల మూట, డబ్బాడు సున్నిపిండి, రెండు దువ్వెనలు, గాజుల పెట్టె, ఇంకా ఏవేవో.

"అమ్మా, నువ్వు లారీలో వెళ్తున్నావా, పెళ్ళికి వెళ్తున్నావా?"

"ఊరుకోవే. అంత దూరం వెళ్ళి, నలుగురిలో జిడ్డు మొహంతో నిలబడమంటావా?"

"జిడ్డు కాదమ్మా అక్కడ. చర్మం పగిలిపోద్ది." దుర్గాశ్రీ మంచం అంచున కూర్చుంది. "ఇక్కడ గోదారి గాలికి మన మొహాలు ఎప్పుడూ కాస్త చెమ్మగా ఉంటాయి. అక్కడ ఈ రోజుల్లో పగలు ఎండ కాల్చేస్తది, రాత్రి చలి పీల్చేస్తది. ఈ కొబ్బరినూనె పొద్దున్నే చూశావంటే సీసాలో రాయైపోయి ఉంటది. సీసా బోర్లించి ఊపుకుంటూ కూర్చుంటావా?"

తల్లి తెల్లబోయి నూనె సీసా పక్కన పెట్టింది.

దుర్గాశ్రీ తన సంచీలోంచి పార్లర్లో ఖాళీ అయిన బుల్లి సీసాలు తీసింది. వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పెద్ద సీసాల్లోంచి క్రీములు కొంచెం కొంచెం వాటిలోకి ఒంపింది. మూత బిగించే ముందు సీసా మూతికి పాలిథిన్ ముక్క కప్పింది, కుదుపులకి కారిపోకుండా. ఒక్కోదాని మీద మార్కర్‌తో రాసింది: పగలు. రాత్రి. పెదాలు. మడమలు. ఇంగ్లీషు పేర్లు రాస్తే అమ్మ తికమక పడుతుందని ఆమె భయం. పౌడరు ఓ చిన్న డబ్బీలోకి మారింది. గాజుల పెట్టె బీరువాలోకి వెళ్ళిపోయింది. కుంకుడుకాయల దగ్గర మాత్రం పెద్ద వాదనే నడిచింది. లారీ పక్కన నిలబడి కుంకుడురసం ఎలా తీస్తావని కూతురు అడిగితే, సత్యవాణి ఆ మూట మంచం కిందికి తోసేసింది. షాంపూ పొట్లాలు లోపలికి వచ్చాయి.

"సున్నిపిండి తియ్యనంటే తియ్యను" అంది సత్యవాణి.

"అది నేనూ కాదనను. పొడిగానే ఉంటది, కారదు. గుప్పెడు చాలు."

చివరికి అన్నీ కలిపి ఒక పువ్వుల గుడ్డ సంచీలో పట్టాయి. కట్టేసే ముందు దుర్గాశ్రీ 'పగలు' అని రాసిన సీసా ఇంకొకటి లోపల పెట్టింది.

"రెండెందుకే?"

"ఒకటి నాన్నకి."

"మీ నాన్నకా? ఒంటికి రాసుకునే సబ్బే మొహానికీ తలకీ కూడా. ఆయన రాసుకుంటారా ఇది?"

"రాసుకోడు. నువ్వే రాయి. మొక్కలు వాడిపోతాయని లారీకి గ్రీన్ నెట్ కడతాడు గదా, ఇన్నేళ్ళు ఆ కిటికీ పక్కన కూర్చుని తన మొహానికి ఏం కట్టుకున్నాడు?"

సత్యవాణి ఆ మాటని పెద్దగా పట్టించుకోలేదు. సంచీ మూతి బిగించి లేచింది.

మర్నాడు తెల్లారుతూనే మొక్కలకి నీళ్ళు కొట్టి, లారీకి కొబ్బరికాయ కొట్టి బయల్దేరారు. అంత ఎత్తున కూర్చుంటే గోడల అవతల పెరళ్ళూ, డాబాల మీద ఆరేసిన మినుములూ, కాలవల మీద ఎగిరే కొంగల వీపులూ అన్నీ కనపడుతున్నాయి. సత్యవాణి చిన్నపిల్లలా "అదేంటండీ, ఇదేంటండీ" అని అడుగుతూనే ఉంది. భీమరాజు విసుక్కోకుండా చెబుతూనే ఉన్నాడు.

చూడవలసినవి అయిపోయి దారంతా ఒకేలా అనిపించినప్పుడు ఆమె ఆయన్ని చూడటం మొదలుపెట్టింది. ఇంట్లో ఆయన ఉంటే తింటూ ఉంటాడు, లేదా నిద్రపోతూ ఉంటాడు, లేదా బయల్దేరుతూ ఉంటాడు. తీరిగ్గా కూర్చుని మొగుడి మొహం చూసే అవకాశం ఆమెకి ఇన్నేళ్ళలో రాలేదు. తన సీటు నుంచి కనపడేది ఆయన ఎడమవైపు. నునుపైన చెంప, చెవి పక్కన పుట్టుమచ్చ, పెళ్ళినాటి ముక్కు. ఈ మనిషికి వయసు రాలేదనుకుంది. ఆ ఆలోచనకి తనకే సిగ్గేసి కిటికీలోంచి బయటికి చూసింది.

నాగ్‌పూర్ దాటాక ఓ మధ్యాహ్నం టీ కోసం ఆగారు. భీమరాజు స్టీరింగు ముందే కూర్చుని ఫోన్లో మాట్లాడుతుంటే, సత్యవాణి దిగి రెండు టీలు తీసుకుని, లారీ ముందునుంచి చుట్టి ఆయన వైపుకి వచ్చింది. గ్లాసు పైకి అందించబోతూ ఆగిపోయింది.

ఎండ సూటిగా ఆయన కుడిచెంప మీద పడుతోంది. ఆ చెంప వేరే మనిషిది. మసి పట్టినట్టు నల్లగా, కంటి చివర నుంచి గెడ్డం దాకా గీతలు గీతలుగా ఉంది. చెవి అంచు పొట్టు రేగి ఉంది. కిటికీ మీద పెట్టిన కుడి చెయ్యి మోచేతి కింద కాలిన కట్టెలా ఉంది. ఇంట్లో నీడపట్టున చూసే మొహమే అది. కానీ ఇంతసేపూ అటువైపు చూసి ఇటు వచ్చేసరికి, ఒకే మనిషిలో సగం యువకుడు, సగం ముసలివాడు కూర్చున్నట్టనిపించింది.

"ఏంటలా చూస్తున్నావు? టీ ఇవ్వు" అన్నాడు భీమరాజు.

ఆమె గ్లాసు ఇచ్చి, తిరిగి వెళ్ళి సంచీలోంచి 'పగలు' సీసా తెచ్చింది. "ఇటు తిరగండి."

"ఏంటది?"

"మొహానికి. దుర్గ ఇచ్చింది."

"ఛ, నాకెందుకే ఇవన్నీ. జనం చూస్తున్నారు."

"చూడనీండి."

అంతలో వెనకాల లారీ దిగి వచ్చిన పెద్దిరాజు "ఏంటన్నయ్యా, పెళ్ళికొడుకుని చేస్తున్నారా మా వదినగారు?" అన్నాడు. పక్కన టీ తాగుతున్న డ్రైవర్లకి తెలుగు అర్థం కాకపోయినా నవ్వారు. భీమరాజు ఆమె చెయ్యి పక్కకి నెట్టి "తర్వాత చూద్దాంలే" అని ఇంజను స్టార్ట్ చేశాడు.

సత్యవాణి సీసా మూత బిగించి తన సీటులోకి ఎక్కింది. మనసు చివుక్కుమంది. సాయంత్రం వేళ ఓ ధాబాలో, నీళ్ళతొట్టి పక్కన పరదా కట్టిన చోట స్నానం చేసిందే గాని, ఆ చిరాకులో ఏం చేస్తోందో ఆమెకే తెలియలేదు. లారీ చాలా దూరం వచ్చేశాక పెదాలకి రాసుకుందామని చెయ్యి పెడితే సంచీ లేదు. తొట్టి గట్టు మీద పెట్టింది, అక్కడే వదిలేసింది.

చెప్పడానికి నోరు రాలేదు. కొబ్బరికాయంత చోటు ఇచ్చిన మనిషి. మధ్యాహ్నం చెయ్యి నెట్టేసిన మనిషి. ఎదురుగా సూర్యుడు ఎర్రగా దిగిపోతున్నాడు, చలి మొదలవుతోంది. ఆమె పెదాలు అప్పటికే చిరచిరలాడుతున్నాయి.

"అలిగావా?" అన్నాడు భీమరాజు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"లేదండీ."

"మరి పొద్దుట్నుంచీ వాగిన నోరు ఇలా పడిపోయిందేంటి?"

"సంచీ మర్చిపోయానండి. ఆ నీళ్ళతొట్టి దగ్గర."

భీమరాజు లారీ తోలుతూనే ఉన్నాడు. ఇప్పుడు తిడతాడనుకుని ఆమె చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ముందు ఓ పెట్రోలు బంకు కనపడితే లారీ పక్కకి తీసి ఆపి, ఆయన ఫోన్ తీశాడు.

"పెద్దిరాజూ, ఎక్కడున్నావురా? ఇంకా ధాబాలోనేనా, టైరు పని అవ్వలేదా? మంచిదే అయింది. నీళ్ళతొట్టి గట్టు మీద మీ వదిన సంచీ ఉంటది, పువ్వుల గుడ్డ సంచీ. చూసి పట్రా. నవ్వకు. పట్రా అంతే. నువ్వొచ్చేదాకా ఇక్కడే ఉంటాం."

సత్యవాణి ఆయన మొహంలోకి చూసింది. ఆయన కిందికి దిగి, లారీ మీదికెక్కి నెట్ తాళ్ళు సరిచూశాడు. అవసరం లేకపోయినా మందార మొక్కల మీద నీళ్ళు చల్లాడు. తర్వాత వచ్చి, అప్పటికి లారీ దిగి ఉన్న ఆమె పక్కన, బంకు గోడని ఆనుకుని నిలబడ్డాడు.

"నాకు తెలియక కాదే" అన్నాడు. "గెడ్డం గీసుకునేటప్పుడు అటువైపు చూసుకోబుద్ధెయ్యదు. గబగబా గీసేస్తాను. నువ్వు మధ్యాహ్నం అలా చూసేసరికి..."

"నేనేం అసహ్యించుకోలేదండీ."

"తెలుసులే. కానీ సిగ్గేసింది."

ఆమె ఆయనకి దగ్గరగా జరిగింది. శాలువా తీసి సగం ఆయన భుజం మీద కప్పింది. ఈసారి ఆయన నెట్టెయ్యలేదు. బంకు లైట్లు వెలిగాయి.

పెద్దిరాజు లారీ వచ్చి ఆగింది. దిగినవాడి మొహం లైటు కింద బూరెల మూకుడులోంచి తీసినట్టు నిగనిగలాడుతోంది.

"సంచీ దొరికిందండి వదినగారూ. ధాబా ఆవిడ లోపల దాచిందండి. దారిలో మొహం చిటపటలాడుతుంటే ఓ సీసాలోది కాస్త రాసుకున్నానండి, ఏమీ అనుకోకండి."

"ఏ సీసా?"

పెద్దిరాజు చూపించాడు. సత్యవాణి లైటుకి ఎత్తి చూసింది. మడమలు.

"అది కాళ్ళకి రాసుకునేదయ్యా!"

"ఆయ్, అందుకేనా అండి, ఈగ వాలితే జారిపోతోంది!"

భీమరాజు టైరుకి జారగిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆయన అలా నవ్వడం చూసి సత్యవాణికీ నవ్వాగలేదు. పెద్దిరాజు మొహం తుడుచుకోబోయి, "పోనీలెండి, మంట తగ్గింది, ఉండనివ్వండి" అన్నాడు.

నవ్వులయ్యాక భీమరాజు బంకు గట్టు మీద కూర్చుని కుడివైపు ఆమెకి తిప్పాడు. "నువ్వు ఏది రాస్తావో రాయి. మడమలది తప్ప."

ఆమె 'రాత్రి' సీసా తెరిచి వేలితో తీసింది. ఆ చెంప వేళ్ళకి గరగరలాడింది. కంటి చివర గీతల దగ్గర, చెవి వెనక, మెడ మీద, నిదానంగా రాసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెద్దిరాజు అటు తిరిగి టైర్లు చూసుకుంటున్నట్టు నటించాడు.

ఆ తర్వాత అది అలవాటైపోయింది. పొద్దున్నే మొక్కలకి నీళ్ళు కొట్టడం అవ్వగానే భీమరాజు చొక్కా చెయ్యి మడిచి, అడక్కుండానే వచ్చి నిలబడేవాడు. పెద్దిరాజు కూడా అరచెయ్యి చాపేవాడు, అక్షరాలు చూసుకుని మరీ. జైపూర్ చేరేసరికి 'పగలు' సీసాలు రెండూ అడుగంటాయి. మొక్కలు వాడకుండా దిగాయి. హోటలు తోటలో పనిచేసే ఆడవాళ్ళు సత్యవాణి చుట్టూ చేరి, ఆమె మొహం కేసీ బొట్టు కేసీ చూసి ఏదో అడిగారు. ఆమె సైగలతోనే సున్నిపిండితో ఎలా నలుగు పెట్టుకోవాలో చూపించి, ఉన్నదంతా వాళ్ళకిచ్చేసింది. వాళ్ళలో ఒకామె బజారుకి తోడొచ్చి, కొత్త సీసా కొనిపించింది.

వచ్చేటప్పుడు నేలకి పరిచే బండల లోడు కోసం కోటా అనే ఊళ్ళో ఆగాల్సి వచ్చింది. అక్కడుండగా దుర్గాశ్రీ వీడియో కాల్ చేసింది.

"ఏదీ నాన్నా, ఇటు తిరుగు. చెవి మీద పొట్టు రాలడం ఆగిందే!"

"నలుపేం తగ్గలేదుగా" అన్నాడు భీమరాజు.

"ఇన్నేళ్ళ ఎండ నాన్నా అది. వెంటనే ఎక్కడ పోద్ది? మానకుండా రాసుకో చాలు."

"మీ అమ్మ మాననిస్తేగా" అని ఆయన ఫోన్ ఆమెకిచ్చి, నీడలో పరిచిన పట్టా మీద పడుకున్నాడు.

లోడు రేపటిగ్గాని రాదట అని పెద్దిరాజు దిగాలుగా వచ్చి చెప్పాడు. సత్యవాణికి దిగులేమీ కలగలేదు. లారీ తాడు మీద ఆరేసిన చీర తిరగేసి, బండి మీద కొన్న జామకాయ కోసి, ఉప్పూ కారం అద్దిన ముక్క ఒకటి భీమరాజు చేతిలో పెట్టింది. ఆయన కళ్ళు తెరవకుండానే నోట్లో వేసుకున్నాడు. ఎదురుగా పరాయి ఊరి జనం పరాయి భాషలో అరుచుకుంటూ పోతున్నారు. ఆమె కాళ్ళు చాపుకుని కూర్చుని వాళ్ళని చూస్తోంది.