రెండు బిస్కెట్లకు

అత్తయ్య మంచం మీద దుప్పటి మారుస్తుంటే పరుపు కింద నుంచి ఏడు ఖాళీ బిస్కెట్ కవర్లు బయటపడ్డాయి. మడతల్లో తడిసిన పొడి, దాని చుట్టూ చీమలు. రెండు చీమలు నా మోచేతి మీదికి ఎక్కాయి. ఊడ్చాను, గుడ్డ తడిపి తుడిచాను, సబ్బుతో చేతులు కడుక్కున్నాను. అయినా ఆ తీపి వాసన వేళ్లను వదల్లేదు. అత్తయ్యకు పదకొండేళ్లుగా షుగరు. కాలి బొటనవేలి మీద పుండు నెల నుంచి మానడం లేదు. రోజూ కట్టు మార్చేది నేను, ఇన్సులిన్ సూది వేసేది నేను, పథ్యం వంట వేరుగా వండేది నేను. సరుకులు తెప్పించేది మాత్రం మా ఆయన.

ఆ పని ఆర్నెల్ల క్రితం ఆయనే మీద వేసుకున్నారు. సోఫాలో కాళ్లు చాపుకుని ఫోనులో మూడు నిమిషాలు, అంతే. ఇంటి సరుకులన్నీ తానే చూసుకుంటున్నానని స్నేహితులతో చెబుతుంటే విన్నాను, ఏదో కొండ మోస్తున్నట్టు. వచ్చిన సంచులు విప్పి డబ్బాల్లో పోసేదెవరో ఆయనకు పట్టదు. బిస్కెట్లు ఎందుకండీ అని ఒకసారి అంటే ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టారు.

"ఆకు గుర్తు ఉన్నవే తెప్పిస్తున్నా. ఆరోగ్యానికి మంచివని మీ కంపెనీవాళ్లే పెట్టారు. వాళ్లకంటే నీకెక్కువ తెలుసా?"

అవును, ఆ సరుకులమ్మే సైటు మా కంపెనీదే. ప్రతి ప్యాకెట్ వెనకా ఉండే చీమతలకాయంత అక్షరాలను తెర మీద పెద్దవి చేసుకుని, చక్కెర ఎంత, ఉప్పు ఎంత, కొవ్వు ఎంత అని ఎక్కించడం నా ఉద్యోగం. అంకెలు తక్కువగా ఉంటే పక్కన పచ్చటి ఆకు దానంతటదే వస్తుంది. జనం ఆకును చూసి కొంటారు, అంకెలు చదివే ఓపిక ఎవరికుంటుంది? మొదట్లో వంద గ్రాములకు ఎంత ఉందో ఎక్కించేవాళ్లం. అప్పుడు ఒక్క బిస్కెట్ ప్యాకెట్‌కీ ఆకు వచ్చేది కాదు. ఒకరోజు మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఇకమీదట మనిషి ఒకసారి తినేదానికే లెక్క వేయమన్నాడు. బిస్కెట్లయితే రెండు. ప్యాకెట్‌లో పదహారుంటాయి కదా సర్ అన్నాను. ఎవరైనా రెండే తింటారు మేడమ్ అన్నాడు. అంటూనే ఐదోది టీలో ముంచాడు. మూతి చుట్టూ పొడి. చూస్తే రోత పుట్టింది. రోత పుట్టిందే గానీ, నా సీటుకు వెళ్లి నూట నలభై రకాలకు 'రెండు బిస్కెట్లకు' అని మార్చింది నేనే. సాయంత్రానికి సైటంతా పచ్చబడింది. మేనేజరు మెచ్చుకుంటే నవ్వాను కూడా.

కవర్లు చేత్తో పట్టుకుని అత్తయ్య ముందు నిలబడ్డాను. ఆమె కళ్లెత్తలేదు.

"ఆకు ఉన్నవేగా తల్లీ, అబ్బాయి చెప్పాడు. నువ్వు చూస్తే మొహం మాడ్చుకుంటావని దాచా."

నాకు ఆమె మీద కోపం రాలేదు. కవర్లు నా సంచిలో వేసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ కట్టు విప్పగానే గది నిండా వాసన. వేలి చివర నల్లబడింది. చక్కెర ఇలాగే ఉంటే వేలు తీసేయాల్సి వస్తుందని చెప్పి, రిపోర్టులోంచి తలెత్తకుండానే అడిగింది.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

మా ఆయన మెడ తిప్పి నన్ను చూశారు. "నేనైతే అన్నీ మంచివే తెప్పిస్తున్నానండీ. వండిపెట్టేది ఈమే."

డాక్టరమ్మ నాకు పది నిమిషాలు పాఠం చెప్పింది. సొంత తల్లయితే ఇలాగే చూస్తావా అని కూడా అడిగింది. చదువుకున్నదే, ఆడదే, అయినా అడిగింది. నేను బడిపిల్లలా తలూపుతూ కూర్చున్నాను. సంచిలోంచి ఏడు కవర్లూ తీసి బల్ల మీద పెట్టొచ్చు. పెడితే ఆయన నోరు మూతపడేది. కానీ ఆ ఆకులు పెట్టిందెవరని అడిగితే ఏం చెప్పను? ఆయన మీది అసహ్యం, నా మీది అసహ్యం కలిసిపోయాయి. సంచి మూతి మడిచి ఒళ్లోకి లాక్కున్నాను.

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లాను. నూట నలభై రకాలూ ఒక్కొక్కటే తెరిచి, 'రెండు బిస్కెట్లకు' తీసేసి 'ప్యాకెట్ మొత్తానికి' అని అంకెలు ఎక్కించాను. ఎక్కించిన ప్రతిదాని పక్కనా ఆకు మాయమైంది. మధ్యలో మా ఆయన ఫోను. ఆకులన్నీ ఏమయ్యాయి, ఇప్పుడు అమ్మకేం తెప్పించాలి అని విసుక్కున్నారు. ప్యాకెట్ వెనక ఏముందో చదివి తెప్పించండి అని పెట్టేశాను.

పదకొండింటికి మేనేజరు తన గదిలోంచి దాదాపు పరుగున వచ్చాడు.

"ఎవరు చేశారిది?"

అందరూ తెరల్లోకి తలలు దూర్చేశారు. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు మెడ తిప్పి నన్ను చూపించడమే ఇన్నేళ్లూ జరిగింది. ఈసారి ఎవరి మెడా తిరగకముందే కుర్చీ వెనక్కి జరిపి లేచాను.

"నేనే సర్. ఆ ఆకులు పెట్టిందీ నేనే."