వీపున లక్క పోసిన తాళం

నేను ఒక తాళంకప్పను. నంబరు తాళం అంటారు. ముఖం మీద నాలుగు చక్రాలు, ఒక్కో చక్రం చుట్టూ సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. నాలుగూ కుదిరితే నోరు తెరుస్తాను. వీపున ఇంకో దారి ఉంది, తాళంచెవి పెట్టే బొక్క. అంకెలు సొంతదారుకి, బొక్క పై అధికారికి. ఒకే ఇంటికి రెండు గుమ్మాలు పెట్టి కాపలా కాయమన్నారు. మనుషుల పని అలాగే ఉంటుంది.

పుట్టింది అలీగఢ్‌లో, ఒక రేకుల షెడ్డులో. నాతోపాటు మూడు వందల మంది. అందరి కడుపులోనూ అయిదేసి పిన్నులు, అందరికీ ఒకే తాళంచెవి. గోనెసంచుల్లో పోసి రైలెక్కించారు. విజయనగరం పక్కన ఒక జూటు మిల్లులో దింపారు.

కూలీలు బట్టలు మార్చుకునే గదిలో ఇనప అరల వరస ఉండేది. మనిషికొక అర. నేను పడింది అసిరినాయుడి అరకి. మగ్గాల మీద పనిచేసేవాడు. నంబరు మార్చుకోవడం ఎలాగో మేస్త్రీ చెబుతుంటే అతను బీడీ చుట్టుకుంటున్నాడు. నాలుగు సున్నాలతో వచ్చాను, నాలుగు సున్నాలతోనే ఉండిపోయాను. ఆ సంగతి అతనికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

తాళంచెవి టైం ఆఫీసు గుమాస్తా దగ్గర ఉండేది. షిఫ్టు మధ్యలో వచ్చి అరలు తీసి వెతికేవాడు. క్యారియర్ల మూతలు తీసి కూర ఏమిటో కూడా చూసేవాడు. కూలీలకి ఒళ్లు మండింది. ఫిట్టరు గవరయ్య ఒక ఉపాయం చెప్పాడు. నార పీచు నూనెలో తడిపి బొక్కలోకి కుక్కాలి, పైన లక్క కరిగించి పొయ్యాలి. అసిరినాయుడు స్నేహితుడు గనక నాకు మాత్రం తన చేత్తోనే పోశాడు. ఆ రోజు నుంచి గుమాస్తాకి నాలో దారి లేదు. నాకు ఊపిరి లేదు.

తర్వాత ఒకరోజు మిల్లు మూసేశారు. లోపలున్నవాళ్లు ఒంటిమీది బట్టలతో బయటికి పోయారు. తొమ్మిదేళ్లు ఆ గదిలో వాన కారింది. నా చక్రాలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి.

గేటు మళ్లీ తెరిచింది పాత ఇనుము కోసం. మస్తాన్ అనే మనిషి గ్యాసు కట్టరుతో వచ్చాడు, గుంటూరు వైపు మనిషి. వెనకాలే గవరయ్య వచ్చాడు, బాగా ముసలివాడై. పక్కన పైడమ్మ, అసిరినాయుడి భార్య. అసిరినాయుడు రాలేదు. పోయి మూడేళ్లయిందని వాళ్ల మాటల్లో తెలిసింది.

"బాబూ, ఈ తలుపు కాల్సీకు," అంది పైడమ్మ. "లోపల ఆయన ఫొటో అంటించుకున్నాడు. యూనియనోల్లు తీయించిన ఫొటో. ఇంటికాడ ఒకటీ నేదు. పెల్లినాటిది తుపానుకి పోనాది. మొకం మర్సిపోతన్నాను బాబూ."

"సుత్తితో ఒక్కటిస్తే ఊడదా?" అన్నాడు మస్తాన్.

"రేకంతా తుప్పు," అన్నాడు గవరయ్య. "కొడితే పొట్టయిపోద్ది. ఫొటో దానికే అంటుకోనుంది. నాను తీత్తాను."

"దొంగోడివా పెద్దాయనా?"

"ఫిట్టర్ని."

మస్తాన్ నవ్వాడు. "సరే. నేను అటు చివర నుంచి కోసుకుంటా వస్తా. నీ కాడికి వచ్చేలోపు తియ్యి. తరవాత నన్ననొద్దు."

గవరయ్య జేబులోంచి నా తోడబుట్టినవాణ్ణి తీశాడు. అతని అర తాళం. ఆఖరి రోజు చేతిలో ఉండిపోయి ఇంటికి చేరిందట. పని పోయాక చేతులు ఊరుకోక, సైకిలు ఊచలు రెండు చదును చేసుకుని, వాడి వీపు లక్క గీకేసి, రోజూ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఆ బొక్కలో తిప్పేవాడట. తియ్యడం, మూయడం. లోపల ఏమీ దాచని తాళాన్ని తీసి సంతోషించే జీవి మనిషి ఒక్కడే.

"మా ఈదిలో ఎవులి సైకిలు పోయినా ఈయన మొకమే సూత్తారు," అంది పైడమ్మ మస్తాన్‌తో.

"ఒకలి గుమ్మం ముట్టుకోనేదొదినా."

"ముట్టుకోనోడివి ఎందుకు నేర్సినావు?"

"ఊరుకోనేక."

నన్ను వెనక్కి తిప్పాడు. లక్క కనిపించింది. ఊచ చేతిలోనే ఆగిపోయింది.

"ఎవుడు పోసినాడిది?" అంది పైడమ్మ.

గవరయ్య బొటనవేలితో లక్క తడిమాడు. "నానే."

"నీ సెయ్యిరిగిపోనూ!"

ఆమె అదే మిల్లులో సంచులు కుట్టిన మనిషి. కొంగుకి గుచ్చుకున్న దబ్బనం తీసింది. అతన్ని పక్కకి నెట్టి లక్క పొడవడం మొదలుపెట్టింది. పెచ్చులు రాలాయి. కింద పీచు రాయిలా గట్టిపడి ఉంది. పోగు పోగు లాగింది. అవతల మంట బుసకొడుతోంది, కోసిన అరలు ఒక్కొక్కటీ నేల మీద పడుతున్నాయి. చివరి పోగు వచ్చేసరికి మంటకీ నాకూ మధ్య ఆరు అరలున్నాయి.

గవరయ్య టానిక్కు సీసాలోంచి రెండు చుక్కలు మిషను నూనె వేశాడు. వంచిన ఊచ పెట్టి కొంచెం తిప్పి పట్టుకున్నాడు. సన్న ఊచతో పిన్నులు ఎత్తసాగాడు. ఒకటి నిలబడింది. రెండోది నిలబడింది. మూడోది మొరాయించింది. గట్టిగా నొక్కాడు, నిలబడ్డ రెండూ జారిపోయాయి. మళ్లీ మొదటినుంచి.

పైడమ్మ అతని మోచెయ్యి రెండు చేతులా పట్టుకుంది. "ఊపకు."

"నాను ఊపట్నేదు. అదే ఊగుతంది."

నిప్పురవ్వలు పక్క అర మీద పడ్డాయి. గవరయ్య కళ్లు మూసుకున్నాడు. నాకూ ఓపిక అయిపోయింది. ఎవరి కోసం కాస్తున్నానో ఆ మనిషే లేడు. లొంగిపోదామనుకున్నాను. కానీ లొంగడం నా చేతిలో లేదు, అతని చేతిలో ఉంది. మూడోది లేచింది. నాలుగు. అయిదు. కడుపులో ఏదో తిరిగింది. నోరు తెరిచాను.

చప్పుడు లేదేమిటా అని చూస్తే, మస్తాన్ ఎప్పుడో మంట ఆపేసి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నిలబడి ఉన్నాడు.

తలుపు లోపలి వైపు, మైదా జిగురుతో అంటించిన ఫొటో. మూడు వరసల్లో ఇరవై మంది. ఒక్కో ముఖం గోరంత. పైడమ్మ వేలు పెట్టి వెతికింది. రెండో వరసలో ఆగింది.

"కల్లు మూసీసినాడు సూడు," అంది. "ఫొటో తీసినోడు ఒకటి, రెండు అని లెక్కెట్టేసరికి మూసీసుంటాడు."

నవ్వింది. తర్వాత తలుపు మీద నుదురు ఆనించి ఉండిపోయింది.

గవరయ్య ఒక మూల గోటితో ఎత్తి చూశాడు. కాగితంతో తుప్పు కూడా లేచొచ్చింది. వదిలేశాడు. మస్తాన్ రంపం బ్లేడు తెచ్చి, తలుపు బందులు రెండూ చేత్తోనే కోశాడు. తుప్పు రేకు కదా, అదిరితే రాలుతుందని మెల్లగా కోశాడు. గవరయ్య అలవాటుగా నన్ను మళ్లీ తలుపు కొక్కేనికే తగిలించాడు, మూయకుండా. పైడమ్మ తలుపు నెత్తిన పెట్టుకుని నడిచింది.

ఇప్పుడు ఆ తలుపు ఆమె ఇంటి గోడకి వేలాడుతోంది. ఫొటో గదివైపు, నేను గోడవైపు. గోడకీ రేకుకీ మధ్య ఉన్న సందులో, నోరు తెరుచుకుని. ఒక బల్లి నా వెనక గుడ్లు పెట్టింది.

పొద్దున్నే పైడమ్మ తడిగుడ్డతో రేకు తుడుస్తుంది. తుడుస్తూ రోజూ ఆ ముఖంతో ఒకే మాట అంటుంది. "లెగు, పొద్దెక్కిపోనాది."

నన్నెవరూ లెగమనరు. కాపలా లేదు. చాలు.