కొండ మీదుగా పెళ్ళిపిలుపు

తిమ్మరాయన్ చేసిన తెలివితక్కువ పనులన్నీ బాగా ఆలోచించి చేసినవే. కూతురి పెళ్ళిపత్రికను ఆ పిల్ల మేనమామకు పోస్టులో పంపడం కూడా అంతే. రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు ధర్మపురి పోస్టాఫీసుకు పోయి స్టాంపు అంటించి, డబ్బాలో వేసి, ఇంటికొచ్చి "మీ అన్నను పిలిచొచ్చినాను" అని భార్యకు చెప్పాడు.

వెల్లిచందైలో వాళ్ళ వంశం ఎన్ని తరాల నుంచి ఉందో చెప్పేవాళ్ళు లేరు. ఇన్ని తరాల్లో మేనమామను పోస్టులో పిలిచిన మగవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఇంటి యజమాని స్వయంగా పోవాలి. పళ్ళెంలో పసుపు, కుంకుమ, తాంబూలం పెట్టి, తల వంచి రమ్మని అడగాలి. అలా పిలిపించుకున్న మేనమామే పెళ్ళినాడు పిల్లను గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి ఎత్తుకొస్తాడు.

పెళ్ళి రేపనగా, పొద్దున్నే, పందిరి కింద బియ్యం చెరుగుతూ గౌరమ్మ అడిగింది.

"ఏమయ్యా, మా అన్న నిన్ననే రావాల్సింది కదా. నువ్వు పిలిచినప్పుడు ఏ దినం వస్తానన్నాడు?"

నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా అబద్ధం చెప్పబోతే చెవులు ఎర్రబడే దౌర్భాగ్యం తిమ్మరాయన్‌ది. పందిరి గుంజలను కాసేపు లెక్కపెట్టి, చివరికి నిజం కక్కేశాడు.

"పోస్టులో వేసినాను."

గౌరమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. తిట్టలేదు. తిడితే ఎదురు తిట్టి తప్పించుకోవచ్చని ఆశపడ్డ తిమ్మరాయన్‌కు ఆ దారి కూడా మూసుకుపోయింది. ఇంతలో పసుపు పూసిన మొహంతో పెళ్ళికూతురు అలమేలుమంగ గుమ్మంలోకి వచ్చింది.

"మామ గంప ఎత్తకుంటే నేను పీటల మీదికి రాను నాయనా," అని మెల్లగా చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. గట్టిగా అరిచి ఉంటే బుజ్జగించేవాడు. మెల్లగా చెప్పిందంటే ఇక తిరుగులేదని అతనికి తెలుసు.

మేనమామ మారెప్పకు పిల్లలు లేరు. కొండకు అవతలి పక్క, పెన్నాగరం దగ్గర పల్లెలో ఉంటాడు. అలమేలుమంగ ఐదేళ్ళు ఆయన ఇంట్లో ఉండి పెన్నాగరం బడిలో చదువుకుంది. అక్కడికి బస్సులో పోవాలంటే పాలకోడు, ధర్మపురి, పెన్నాగరం అని మూడు చోట్ల దిగి ఎక్కాలి. పొద్దున బస్సు అప్పటికే పోయింది.

"కొండకు అడ్డం పడి పో," అంది గౌరమ్మ. "అరగంటలో సైకిల్లో దాటినానని ఊరంతా చెప్తావు కదా."

చెప్పిన మాట నిజమే. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాడు. మొదట్లో అది రెండు గంటలు. పండక్కి పండక్కి తగ్గి అరగంటకు వచ్చింది. ఈ మధ్య క్యారియరు మీద చింతపండు మూట కూడా చేరింది. అసలు సంగతేమంటే ఆ రోజు నాలుగు గంటలు పట్టింది, సైకిలు చాలావరకు అతని భుజం మీదే ఉంది, చింతపండు లేదు.

పసుపు కుంకుమల పొట్లాలు, ఆకువక్క సంచిలో వేసి హ్యాండిలుకు తగిలించి బయలుదేరాడు. ఊరు దాటేదాకా ఠీవిగా తొక్కాడు. టమేటా తోటల్లో కోతకు వచ్చిన ఆడవాళ్ళు చూస్తున్నారని గంట కూడా కొట్టాడు. కొండ మొదట్లో మేకల బాట మొదలవగానే దిగి, అటూ ఇటూ చూసి, తోయడం మొదలుపెట్టాడు.

కట్టెలమోపులు దిగి దిగి కోసుకుపోయిన బాట అది. మధ్యలో గాడి, గాడిలో గులకరాళ్ళు, రెండు పక్కలా ముళ్ళపొదలు. సైకిలు ఒక అడుగు ముందుకు పోతే అతను అరడుగు వెనక్కి జారుతున్నాడు. "ఒరే తిమ్మరాయా, తల వంచడం కష్టమని కదరా పోస్టులో వేసినావు. ఇప్పుడు నడుము వంచి తోయి," అని తనకు తానే చెప్పుకున్నాడు. వినేవాడూ తనే కాబట్టి ఎదురు చెప్పలేదు.

కొండ నెత్తిన గాలి తగిలింది. ఇవతల ఎర్రటి దుక్కులు, మామిడి తోపులు, చక్కెర మిల్లు పొగ. అవతల సామచేలు మెట్లు మెట్లుగా దిగి, చివర కావేరి వైపు కొండలు నీలంగా ఒకదాని వెనక ఒకటి. ఎంత బాగుందో అనిపించింది. ఆ ఐదేళ్ళలో ఒక్కసారైనా కూతుర్ని చూడడానికి ఈ దారిన వచ్చి ఉండొచ్చు కదా అనిపించి, చూపు తిప్పేసుకున్నాడు.

దిగుడులో మాత్రం ఎక్కాడు. మనిషన్నాక కొంత పౌరుషం ఉండాలి. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపు దగ్గర బ్రేకు పట్టుకుంటే చేతికి కడ్డీ వచ్చింది, చక్రం మాత్రం ఆగలేదు. చెప్పుకాలు టైరుకు ఆనిస్తే చెప్పు పోయింది. దారిలో ఉన్న మేకల మంద కొట్టని గంట విని చెదిరిపోయింది, ఎందుకంటే గంట దానంతట అదే మోగుతోంది. అతను "అమ్మా, అయ్యా, గౌరమ్మా" అని వరసగా తెలిసిన పేర్లన్నీ పిలిచి, ముళ్ళపొదలో ఒకసారి, సామచేలో ఒకసారి, ఆఖరికి ఒక బండరాతి మీద ఒకసారి దిగాడు. బండరాయి దగ్గర ముందుచక్రం వంకర పోయింది, పొట్లాలు పగిలాయి. పసుపు కుంకుమలు మేనమామకు కాకుండా పిలవడానికి వచ్చినవాడికే పూర్తిగా అందాయి.

అలా పల్లె చేరేసరికి మారెప్ప ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింటి మునియమ్మ అరుగు మీద అనపకాయలు వలిచి గింజలు తీస్తూ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎవురు కొట్టినారప్పా నిన్ను?"

"కొండ," అన్నాడు తిమ్మరాయన్. "మారెప్ప యాడికి పోయినాడు?"

"మేనకోడలి పెండ్లికి. ఆరు గంటల బస్సుకే పెండ్లాముతో పోయినాడే."

"పిలుపు..."

"యాడ పిలుపు? కాయితం వచ్చింది. అది చూసి రెండు దినాలు అన్నం తినలేదు. మూడో దినం కూర్చోని కొత్త గంప అల్లినాడు."

తిమ్మరాయన్ తాళం వేసిన తలుపు ముందు కూలబడ్డాడు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. తను ఆలోచించిన రెండు రోజులూ, ఆ మనిషి పస్తులున్న రెండు రోజులూ పక్కపక్కన కనబడి సిగ్గుతో చచ్చిపోయాడు. మునియమ్మ ఇచ్చిన రాగిసంకటి తిని, వంకర సైకిలు భుజానికెత్తుకుని, వచ్చిన దారినే కుంటుకుంటూ తిరిగి కొండెక్కాడు.

వెల్లిచందై చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. పందిరి నిండా చుట్టాలు. మారెప్ప మాత్రం ఎదురింటి అరుగు మీద, పక్కన గంప పెట్టుకుని కూర్చున్నాడు. భార్యను లోపలికి పంపాడట, తను మాత్రం యజమాని పిలవనిదే పందిట్లోకి రానన్నాడట. మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. గౌరమ్మ మూడుసార్లు ఏడ్చి వెనక్కి వచ్చింది.

తిమ్మరాయన్‌ను చూడగానే ఆమె పళ్ళెం కోసం ఇంట్లోకి పరుగెత్తింది. ఆమె వచ్చేదాకా ఆగితే మళ్ళీ ఆలోచన మొదలవుతుందని అతనికి భయం వేసింది. సైకిలు వీధిలోనే పడేసి అరుగు దగ్గరికి పోయాడు.

"యాడికి పోయింటివి?" అన్నాడు మారెప్ప, మొహం పక్కకు పెట్టుకుని.

"నిన్ను పిలిచేదానికి మీ ఊరికే పోయినాను బావా. కొండ మీద, సైకిల్లో."

మారెప్ప చినిగిన పంచె చూశాడు, ఒంటి చెప్పు చూశాడు, చెవుల దాకా పూసుకున్న కుంకుమ చూశాడు.

"ఎక్కి పోయినావా?"

"కొంచెం దూరం నేనెక్కినాను. మిగతాదంతా అదే నన్నెక్కింది."

మారెప్ప మీసం కదిలింది గాని ఆయన నవ్వలేదు. వీధి వీధంతా చూస్తోంది. తిమ్మరాయన్ తల వంచాడు.

"పోస్టులో వేసింది తీరిక లేక కాదు బావా. సెలవులకు మా ఇంటికొచ్చినా పాపకు మీ ఇంటి మీదే ధ్యాస. ఆ కుళ్ళు నాకు. నీ గడప ముందర నిలబడితే అది ఒప్పుకున్నట్లయితుందని పోలేదు. తప్పు నాది. నీ బిడ్డ పెండ్లి. నువ్వొచ్చి జరిపించల్ల."

మారెప్ప తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని, గంప చంకన పెట్టుకుని లేచాడు. కుంటుతున్న బావమరిది రెక్క పట్టుకుని, "మెల్లగా నడువు, పడేవు," అన్నాడు.

ఇద్దరూ వీధి దాటుతుంటే అలమేలుమంగ గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది. ముందు ఎవరి దగ్గరికి పోతుందో తిమ్మరాయన్‌కు తెలుసు. మారెప్ప చంకలోంచి గంప తను తీసుకుని, ఒక అడుగు పక్కకు జరిగాడు.