ఐ కెన్ మేనేజ్

ఇంగ్లీషులో చెబితే రాని విద్య కూడా వచ్చినట్టే ఉంటుందని మా నాగేంద్రబాబు బాబాయి సిద్ధాంతం. "అస్సలు రాకపోతే 'నో ఐడియా' అను. కాస్త వస్తే 'ఐ కెన్ మేనేజ్'. దంచేయగలిగితే 'థరో'. అంతేనమ్మా సాహితీ, ఇంటర్వ్యూ అంటే!" అని రాయచూరు బస్సు కల్మల దాటేదాకా నాచేత వల్లె వేయించాడు.

నా చదువంతా బాపట్లలో అమ్మమ్మ దగ్గర. కన్నడ సీమలో కాలవ కింద ఉన్న మా ఊరికి వచ్చి ఏడాదే అయింది, కన్నడం అంతంతమాత్రం. ఈ చీరల కొట్టులో ఉద్యోగం రాకపోతే మళ్లీ ఇంట్లో కూర్చోవాలి. అది నావల్ల కాదు.

గల్లా దగ్గర నుంచే యజమాని విజయకుమార్ గారు అడిగారు.

"కన్నడం వస్తదా?"

"ఐ కెన్ మేనేజ్ అండీ."

ఆయన ముఖం మాడిపోయింది. "మేనేజ్ చేయనీకి నేనున్న గదమ్మా! నా కొడుక్కే ఇయ్యలే ఈ కుర్సీ. నాకు చీరెలు చూపెట్టే పిల్ల కావాలె."

బాబాయి సర్దిచెప్పేలోపే ఓ పెద్దావిడ లోపలికి వచ్చింది. "బర్రి మారెవ్వా" అని రమ్మన్నారాయన, ముఖం ఇంకా చిట్లించుకునే. తాడో పేడో తేల్చుకుందామని ఎవరూ అడక్కుండానే ఓ చీర తీసి ఆవిడ ముందు పరిచాను.

మన పాలు కన్నడంలో హాలు, మన పువ్వు హూవు. అందుకని అనుమానం వచ్చిన ప్రతి మాటకీ 'హ' తగిలించడం నా పద్ధతి. చవక అనాలంటే 'అగ్గ' అనాలి. నేను చాలా చవక అనబోయి "ఈ సీరె బాళ హగ్గ, అవ్వా!" అన్నాను.

మారెవ్వ చీరను చూసింది, నన్ను చూసింది. "హగ్గనా? ఎమ్మి కట్టాకేను?"

విజయకుమార్ గారు బల్ల చరిచి నవ్వారు. "హగ్గ అంటే తాడమ్మా! బర్రెను కట్టనీకా అని అడుగుతున్నది."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా నోరు ఊరుకుంటేగా! కొంగు రెండు చేతులా పట్టి గట్టిగా లాగి చూపించాను. "హౌదు అవ్వా, హగ్గదంగ గట్టి! హరియల్ల!" అవును, తాడంత గట్టిది, చిరగదని. ఈసారి 'హ'లన్నీ ఉండాల్సిన చోటే పడ్డాయి.

మారెవ్వ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. రెండు చీరలు కట్టించుకుని, ఎవరీ పిల్ల, కన్నడం వస్తుందా అసలు అన్నట్టు యజమాని వైపు తిరిగింది. "యార్రీ ఈ హుడుగి? కన్నడ బర్తదేను?"

ఆయన నావంక ఓసారి చూశారు.

"నమ్మ అంగడి హుడుగి" అన్నారు దర్జాగా, మా కొట్టు పిల్లేనని. "కన్నడ ఐ కెన్ మేనేజ్ బర్తద!"