గుహలో పట్టని నిద్ర

మా అత్త చెల్లెలి కొడుకు బీగా బావ పొద్దున్నే వచ్చి పిండి బస్తా, చక్కెర, తేయాకు దించి, తన మోటారు బండి నీడలోనే దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. ఎండ తగ్గాక ఎడారి పట్నం జానెత్‌కి తిరిగి వెళ్ళిపోతాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో అతనికే తెలీదు. ఆ బండిలో నా పిల్ల మినాను అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్ళాలని పొద్దుటి నుంచి మా అత్త మొహం వంక చూస్తున్నాను. ఆవిడ నా వంక చూడటం లేదు. మేకను పితుకుతోంది.

మినాకి మొదట వట్టి దగ్గే. తర్వాత ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చిన్న గుంట పడటం మొదలైంది. పాలు నాలుగు గుక్కలు తాగి వదిలేస్తుంది, బరువు మోసి వచ్చినదానిలా. ఇంకా పాకడం రాని పిల్లకి అలసట ఏమిటి? ఆ గుంట పడేచోట వేళ్ళు పెట్టుకుని రాత్రుళ్ళు కూర్చునే ఉంటాను. నేను సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. మొన్న పొయ్యి దగ్గర కూర్చునే కళ్ళు మూతపడ్డాయి. నిప్పుల కింద ఇసుకలో పెట్టిన రొట్టె బొగ్గయింది. దాన్ని అత్త విరిచి మేకలకి వేస్తే అవి కూడా వాసన చూసి వెళ్ళిపోయాయి.

మా ఆయన చలికాలం మొదట్లో వెళ్ళాడు. దక్షిణాన సరిహద్దు దగ్గర నేలలో బంగారం దొరుకుతోందని అందరూ వెళ్తుంటే తనూ బయలుదేరాడు. వెళ్తూ వాళ్ళమ్మతో, "నేనొచ్చేదాకా ఇక్కడే ఉండండి," అన్నాడు. ఇప్పుడు రాళ్ళు కాలుతున్నాయి. పక్క గుడారాలవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలింది మేమూ, విధవరాలు ఆమెన్నా. గుట్టెక్కితే నా ఫోనుకి సిగ్నల్ వస్తుంది. ఆయన ఫోను మాత్రం మోగదు.

"అత్తా, బావ బండి ఖాళీగానే వెళ్తుందట," అన్నాను చివరికి.

"ఖాళీ బండి తేలిగ్గా వెళ్తుంది. వెళ్ళనీ."

"పిల్లకి ఊపిరాడటం లేదు."

"నేను కన్నవాళ్ళందరూ దగ్గినవాళ్ళే. వాడొచ్చి చూస్తే ఇక్కడేముంటుంది, ఆరిపోయిన పొయ్యి తప్ప? ఇల్లు లేని మగాడని నలుగురూ నవ్వరూ?"

బండి నీడలోంచి బావ గొంతు వినిపించింది. "ఇక్కడ నలుగురెక్కడున్నారు పెద్దమ్మా? నువ్వు, ఆమెన్నా, మిగతా అంతా మేకలు. అవి నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"నువ్వు పడుకోరా. నీ బండి కన్నా నీ నోరే ఎక్కువ పొగ వదుల్తుంది."

పాల గిన్నె మీద మూత పెట్టి, అత్త అప్పుడు నా వైపు తిరిగింది. "గుహకి వెళ్ళి పడుకో, మెకియా. అడుగు. ఏది కనిపిస్తే అదే చేద్దాం. వెళ్ళమని వస్తే నేను అడ్డురాను."

మా వైపు ఆడవాళ్ళు దూరం వెళ్ళిన మనిషి కబురు కావాలంటే బొమ్మల గుహలో మధ్యాహ్నం పూట పడుకుంటారు. ఒంటి మీద ఇనుము ఉండకూడదు, గోడను తాకకూడదు. నిద్ర పట్టాక గోడ మీది బొమ్మలే లేచి వస్తాయి. ఆవులు నీ వైపు నడిచొస్తే మనిషి దారిలో ఉన్నాడు, వీపు తిప్పి వెళ్తే ఇంకా దూరంలోనే ఉన్నాడు. గుండ్రటి తలలతో కళ్ళూ ముక్కూ లేనివాళ్ళు వస్తే మాత్రం లేచాక ఎవరూ ఏమీ అడగరు. పట్నం నుంచి టోపీలు పెట్టుకుని వచ్చేవాళ్ళు వేరే అర్థాలు చెప్తారు. ఒకప్పుడు ఇక్కడ గడ్డి మొలిచేదనీ, నీళ్ళు పారేవనీ, అప్పటి మనుషులు తమ మందల్ని గీసుకున్నారనీ. అదీ నిజమే కావచ్చు. నా అయిదో తరగతి పుస్తకంలో ఆ ఆవుల బొమ్మ ఉండేది. ఆ పాఠం దాకా రాకముందే నన్ను బడి మాన్పించి మేకల వెనక పంపారు. అందుకని నాకు తెలిసిన అర్థం ఆడవాళ్ళు చెప్పుకునేదే.

మినాను వీపున కట్టుకుని ఎక్కాను. పిల్లను తన దగ్గర వదలమంది అత్త, నేను వదల్లేదు. ఎక్కుతూ ఉండగానే ఒక ఆలోచన వచ్చింది. కాసేపు అక్కడ కూర్చుని, దిగి వెళ్ళి, ఆవులు వీపు తిప్పి వెళ్ళిపోయాయని, అంటే ఆయన ఇప్పట్లో రాడని చెప్తే సరిపోతుంది. ఎవరు చూడొచ్చారు? ఆ మాట అనుకున్నాక కాళ్ళకి కొంచెం బలం వచ్చింది.

గుహ అంటే లోతైనది కాదు, కొండకి తెరిచిన నోరు. లోపల ఇసుక చల్లగా ఉంది. ముసుగు ఎగరకుండా వెనక వేలాడదీసుకునే తాళంచెవి విప్పి బయట రాయి మీద పెట్టాను. మినా గుడ్డకున్న పిన్నీసు కూడా తీసి పక్కన పెట్టాను. పిల్లను చేతి మీద పడుకోబెట్టుకుని ఒరిగాను.

కళ్ళు మండుతున్నాయి. మూస్తే చాలు, నూతిలోకి బొక్కెన జారినట్టు జారిపోతున్నాను. సగం దారిలో మినా ఊపిరి చిన్నగా కీచుమని ఆగేది, నేను ఉలిక్కిపడేదాన్ని. మళ్ళీ ఊపిరి వచ్చేది. మళ్ళీ జారేదాన్ని, మళ్ళీ ఆగేది. నేను నిద్రపోయిన ఆ కాసేపట్లోనే అది పూర్తిగా ఆగితే? ఆయన కబురు కోసం నిద్రపోవాలి, పిల్ల కోసం మేలుకోవాలి. నాకున్నది ఒక్క జత కళ్ళు. చివరికి లేచి, గోడకి ఎదురుగా కాళ్ళు చాపుకుని పిల్లను ఒళ్ళో వేసుకున్నాను.

చేసేదేం లేక బొమ్మల వైపు చూశాను. మొదట ఆవులే, ఎప్పుడూ చూసేవే. ఎర్రవి, తెల్లవి, పొడవాటి కొమ్ములు, నిండు పొదుగులు. మంద పక్కన సున్నా చుట్టినట్టు ఒక గీత, అది ఇల్లు. లోపల ఒక ఆడది ఒక కాలు చాపి, ఒళ్ళో పిల్లతో కూర్చుని ఉంది. కొంచెం అవతల ఆవులు తగ్గాయి. మళ్ళీ అదే సున్నా, లోపల ఆమే, అదే కాలు చాపి. గోడ చివర రాయి పెచ్చులూడిపోయింది, అక్కడ ఒక్క ఆవూ లేదు. సున్నా ఉంది. ఆమె ఉంది. పిల్ల ఉంది. మగవాళ్ళు విల్లులు పట్టుకుని గోడంతా పరుగెత్తుతున్నారు కానీ సున్నాలో మాత్రం ఒక్కడూ లేడు. చిట్టచివరివాడు మాత్రం పరుగు ఆపి, ఆమె ఉన్న వైపుకి తిరిగి నిలబడ్డాడు.

ఇన్నేళ్ళుగా మేమంతా ఆవులు ఎటు నడుస్తున్నాయనే చూశాం. ఈమెను పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆమె మొహం వేలిముద్రంత మరక, కళ్ళున్నాయో లేవో తెలీదు. అయినా చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చున్న మనిషి నిద్రపోతోందో లేదో నాకెవరూ చెప్పక్కర్లేదు.

కిందకి దిగేసరికి అత్త పొయ్యి ముందు టీ పొంగిస్తోంది. బావ లేచి టైర్లను కాలితో తన్ని చూస్తున్నాడు.

"ఏం కనిపించింది?"

ఆవుల మాట నాలుక మీదికి వచ్చింది. కానీ అబద్ధం ఆడటానికి కూడా ఓపిక కావాలి. ముందున్న ఆవు ఏ రంగుదని అడుగుతుంది, చెప్పాలి. కొమ్ములెలా ఉన్నాయంటుంది, మళ్ళీ చెప్పాలి. నా దగ్గర అంత శక్తి లేదు.

"ఏమీ కనిపించలేదు. నిద్ర పట్టలేదు."

"అయితే జవాబు రానట్టే. రేపు వెళ్ళు."

"రేపటికి బండుండదు అత్తా. మెలకువలో చూసింది చెప్తాను, వినండి."

"మెలకువలో మేకలూ చూస్తాయి."

"గోడ మీద ఒక ఆడది పిల్లతో కూర్చునుంది కదా. ఆమె ఒక్క చోట లేదు. మంద ఉన్నచోట ఉంది, మంద లేనిచోటా ఉంది. ఎక్కడికెళ్ళినా ఆమె చుట్టూ ఇల్లుంది. మగాళ్ళు ఆ ఇంటిని వెతుక్కుంటూ రావాలి కానీ, వాళ్ళ కోసం ఇల్లు ఒకచోట పాతేసి ఉంచలేదు." వీపున ఉన్న పిల్లను చేతుల్లోకి తీసుకున్నాను. "ఈ గుడారం మా అమ్మ నాకు పెళ్ళిలో ఇచ్చింది. ఇది ఎక్కడ లేస్తే అదే మీ అబ్బాయి ఇల్లు. నేను దీన్ని జానెత్‌లో వేసుకుంటాను. పిల్లను తీసుకుని వెళ్తున్నాను."

అడగడానికి కాదు, చెప్పడానికే చెప్పాను. అత్తతో అలా మాట్లాడటం అదే మొదలు. బావ టైరు మీద కాలు అలాగే పెట్టి ఉండిపోయాడు.

అత్త టీ గిన్నె దించి, చేతులు ఇసుకకి రుద్దుకుని, మినాను నా చేతుల్లోంచి తీసుకుంది. బోర్లా తిప్పి, వీపుకి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"ఈ గుర్రుమనడం ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను."

ఆవిడ పిల్లను నాకిచ్చి వెళ్ళి, గుడారం మొదటి మేకు తనే పీకింది. బావ పరుగున వచ్చి పైకప్పు తోళ్ళు చుట్టడం మొదలుపెట్టాడు.

"మీరూ రండి అత్తా."

"నేనెలా వస్తాను? మేకల్ని నీ బావ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడా? ఆమెన్నా గుడారంలో ఉంటాను. వాడొస్తే, నీ ఇల్లు అటు వెళ్ళిందిరా అని వేలు చూపించే మనిషి కావాలి." ముసుగు సర్దుకుంది. "ఎండ ఇంకా ఉంది. గుహకి నేనే వెళ్తాను. నాకు చంటిపిల్ల లేదు, పడుకుంటే పడుకున్నట్టే."

"నీ గురకకి ఆవులు బెదిరిపోతాయి పెద్దమ్మా," అన్నాడు బావ, తాడు బిగిస్తూ.

"బెదిరితే నీ బండి వెనకే వస్తాయి. మేపుకో."

గుడారం తీసేసిన చోట నేల లేత రంగులో బయటపడింది. అత్త దాని మీదుగానే నడిచి గుట్ట వైపు వెళ్ళింది. మోకాలు మీద చెయ్యి పెట్టుకుని ఎక్కుతోంది. ఆవిడకి ఆవులు కావాలి. నాకైనా, ఆవిడకైనా, ఆ గుండ్రటి తలలవాళ్ళు రాకూడదు. అంతకు మించి ఏం కోరుకోవాలో తోచలేదు.

బండి రాళ్ళ మీద ఎగురుతోంది. మినాను నిటారుగా గుండెకి ఆనించుకుని, వేళ్ళు దాని పక్కటెముకల కింద పెట్టుకున్నాను.

"మరదలా, నీ కళ్ళు చూస్తుంటే జడుపొస్తోంది. కాసేపు పడుకో. పిల్ల దగ్గితే నేను లేపుతాను."

"నువ్వు దారి చూడు బావా."

"దారి నాకు పాతదే. గుడ్డివాడినైనా వెళ్తాను."

"అందుకే చూడమంటున్నా."

నవ్వాడు. తలగుడ్డ ముక్కు మీదికి లాక్కుని, గుంటలు తప్పించుకుంటూ నెమ్మదిగా నడిపాడు. రాళ్ళ నేల అయిపోయి ఇసుక మొదలైంది. బండి చప్పుడు తగ్గితే పిల్ల ఊపిరి వినిపించింది.

"ఎలా ఉంది ఊపిరి?" అని అడిగాడు, ఈసారి వేళాకోళం లేకుండా.

"ఉంది," అన్నాను.