మిర్తో చెవిన పడిన మాట

మిర్తో కాపురానికొచ్చి నెల తిరగలేదు. మొగుడు దిఫిలస్ జంట సన్నాయి ఊదుతుంటే ఆమెకు నవ్వాగదు. బుగ్గలు అలా ఉబ్బితే ఎంత అందగాడైనా కప్పలాగే ఉంటాడు మరి. ఆ బుగ్గలకు తోలుపట్టీ చుట్టి తల వెనక ముడివేసే పని పెళ్ళయిన మర్నాటినుంచీ ఆమెదే. ముడి పడగానే ఆయన మెడ మీద ఉఫ్‌మని ఊదుతుంది. ఆయన ఉలిక్కిపడతాడు. రోజూ అదే ఆట, రోజూ ఆమెకు కొత్తే.

ఏటి ఒడ్డు గుడిలో ఎద్దును బలిచ్చే పండక్కి ఊరు ఆయన్ని పెట్టుకోవడం ఇదే మొదలు. పెళ్ళిలో సన్నాయి ముచ్చటకి. బలి దగ్గర మాత్రం కాపలాకి. పూజారి మంత్రం ముగిసేలోగా అపశకునపు మాట ఎవరి చెవినైనా పడిందా, ఆ బలి చెల్లదు. ఇంకో ఎద్దును తెచ్చి మొదటికి రావాలి. మాటను జొరబడనిచ్చిన సన్నాయివాడు మళ్ళీ ఆ గుడిమెట్టు ఎక్కకూడదు. అందుకని ఆయన ఊపిరి తెగకుండా ఊదాలి, జనం పెదవి కదపకూడదు.

ఆ జనంలోకి జబ్దాస్ వచ్చి నిలబడ్డాడు.

అతను సిరియా మనిషి. ద్రాక్షలు పూతకొచ్చినప్పుడు ఊళ్ళో దిగాడు. దేవుడొక్కడే, మీరు మొక్కేవన్నీ రాళ్ళు అంటాడు. సంతలో నోరు తెరిస్తే చాలు, కసాయి త్రోఫాన్ కత్తితో మొద్దు మీద దడదడలాడించేవాడు. చేపలమ్మేవాళ్ళు కడుగునీళ్ళు చిమ్మేవాళ్ళు. అయినా రెండిళ్ళవాళ్ళు అతని మాట విని పొయ్యి దగ్గరి దేవుళ్ళను పెంటమీద పారేశారు. ఆ వారమే వడగళ్ళు పడి తోటలు నేలమట్టమయ్యాయి. ఎందుకు పడ్డాయో ఊళ్ళో ఎవరికీ సందేహం లేదు. మిర్తోకీ లేదు. దారిలో అతని నీడ కనిపిస్తే అందరిలాగే రొమ్ముమీద తూతూ అని ఉమ్ముకునేది.

అతను రాగానే పక్కనున్నవాళ్ళంతా దూరం జరిగారు. మిర్తో జరగలేదు. దిఫిలస్ బుగ్గలు బాగా కనపడేది అక్కణ్ణుంచే.

పూజారి వెట్టియస్ ఎద్దు తలమీద నీళ్ళు చిలకరించాడు. ఎద్దు తల ఊపింది. బలికి ఒప్పుకుందని అందరూ ఊపిరి వదిలారు. సన్నాయి అందుకుంది. అప్పుడు జబ్దాస్ మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఊరంతా నోరు మూసుకునే చోటు అతనికి ఇదొక్కటే దొరికింది. నోర్ముయ్యమని ఎవరైనా అరిస్తే ఆ అరుపే అపశకునం. జనం పిడికిళ్ళు బిగించి, ముఖాలు కందగడ్డలు చేసుకుని నిలబడ్డారు. త్రోఫాన్ గొడ్డలి పట్టుకుని పెదవి కొరుక్కుంటున్నాడు. దిఫిలస్ కళ్ళు బయటికొచ్చేలా గట్టిమేళం ఊదాడు. ఆయనకు ఒక్క క్షణం ఊపిరి అందలేదు. ఆ సందులో మాట మిర్తో చెవిన పడనే పడింది.

"అది ఒప్పుకుని ఊపలేదు, చెవిలో నీళ్ళు పడితే ఊపింది. తనంతట తాను ఒప్పుకుని మీకోసం చచ్చినవాడు ఒకడున్నాడు."

సన్నాయి మళ్ళీ లేచింది. గొడ్డలి పడింది.

మాంసం పంచేముందు పూజారి అడగవలసింది అడిగాడు. ఎవరికైనా ఏమైనా వినపడిందా? అందరి కళ్ళూ మిర్తో మీదికే తిరిగాయి. త్రోఫాన్ ఆమెను బుజ్జగించాడు. విన్నానంటే చాలట, ఆ సిరియావాణ్ణి వీపు చీరేలా బెత్తాలతో కొట్టించి అధికారికి అప్పగిస్తారట. ఎద్దుదేముంది, ఇంకోటి దొరుకుతుందన్నాడు. సన్నాయివాడి సంగతి అతను ఎత్తలేదు.

దిఫిలస్ పట్టీ కూడా విప్పుకోలేదు. ఆమె వైపే చూస్తున్నాడు.

"నాకు మా ఆయన సన్నాయి తప్ప ఇంకేం వినపళ్ళేదు," అంది మిర్తో.

"అబద్ధం," అన్నాడు జబ్దాస్. "నువ్వు విన్నావమ్మా. వినగానే ఎద్దు వైపు చూశావు."

జనం అతని మీదికి రాబోయారు. పూజారి చెయ్యెత్తి ఆపాడు. అలాగైతే బలిపీఠం ముట్టుకుని ప్రమాణం చెయ్యమన్నాడు. జబ్దాస్ తల అడ్డంగా ఊపాడు. రాయి మీద ఒట్టు వెయ్యనన్నాడు. త్రోఫాన్ పగలబడి నవ్వాడు. "దేవుడి మీద ఒట్టెయ్యనివాడి మాట కుక్క మొరుగుడు. అమ్మాయీ, నువ్వు రా."

ఆమె వెళ్ళింది. పీఠం ఇంకా వెచ్చగా, జిగటగా ఉంది. అరచెయ్యి ఆనించి, ఏమీ వినలేదని దేవుళ్ళందరి మీదా ఒట్టు వేసింది. పిడుగు పడుతుందేమోనని కళ్ళు మూసుకుంది. ఏటి మీద బాతులు అరిచాయి, అంతే.

చెడ్డ మాటే లేదని తేలాక మాటన్న మనిషిని అధికారి దగ్గరికి ఎలా ఈడుస్తారు? ఈడవలేదు. ఊరివాళ్ళే మట్టిబెడ్డలతో ఏటి రేవుదాకా తరిమారు. జబ్దాస్ నుదురు చిట్లింది. పారిపోతూ ఆగి మిర్తో వైపే వేలు చూపించాడు.

"నన్ను కొట్టేవాళ్ళమీద నాకు కోపం లేదు. వినీ వినలేదన్నావు చూడు, నీకంటే వాళ్ళే నయం."

బెత్తాల నుంచి కాపాడితే ఇదా మాట! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఒక బెడ్డ తానూ విసిరింది. అది నీళ్ళలో పడింది.

పొద్దు వాలేసరికి దిఫిలస్ వాటా మాంసం పట్టుకుని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. గుడి పని ఖాయమైందట, వచ్చే ఏడాదికి కూడా పూజారి మాటిచ్చాడట. అత్తగారు కోడలి బుగ్గలు పుణికి, మా ఇంటికి దీపమొచ్చిందంది. మిర్తో పట్టీ చుట్టి పక్కన పెట్టి, వాచిన ఆయన పెదాలకు తేనె రాస్తోంది.

"ఒక్క చోట ఊపిరి తప్పింది నాకు. నిజం చెప్పు, అప్పుడేమైనా అన్నాడా వాడు?" అన్నాడు దిఫిలస్ మెల్లిగా.

నిజం చెబితే ఇక ఏ పండక్కీ ఈయన ధైర్యంగా ఊదలేడు.

"కదలకండి, తేనె గడ్డం మీదికి కారుతోంది," అంది.

ఆయన కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి. కాపురానికొచ్చాక మొదటిసారి, ఆ చూపు ఎప్పుడు పక్కకు తిరుగుతుందా అని ఎదురుచూసింది మిర్తో.